అరకులో అల్లాల్సిన ఆఖరి వరస

పంతులుగారి భుజమ్మీద అది కనబడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గజపతినగరం బస్టాండు. మార్గశిర మాసం, పొద్దున్న ఎనిమిది దాటింది. నేను బడికి వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను. పంతులుగారు సంచీ పక్కన పెట్టుకుని సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. మా వీధిలో పెళ్లిళ్లకీ తద్దినాలకీ ఆయనే వస్తారు. మంచి మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాటనరు. ఆయన మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా ఆయన భుజమ్మీదున్న ఊలు స్కార్ఫు గురించి. గులాబీ, ముదురు నీలం, పసుపు, ఒకచోట చిలకాకుపచ్చ, అన్నీ బెత్తెడేసి చారలు. ఆ చారల నిండా నల్లదారం కుట్లు. గోనెసంచీకి మాట్లు వేసినట్టు ఒక్కొక్క కన్నాన్నీ వెతికి వెతికి మూసేసినట్టున్నాయి.

ఆ మాట్లు వేసిందెవరో నాకు తెలుసు. ఆ స్కార్ఫు అల్లిందెవరో ఇంకా బాగా తెలుసు. ఆవిడే బతికుండి ఆ నల్లదారం చూసి ఉంటే మా వీధి వీధంతా చెవులు మూసుకునేది.

అందరూ ఆవిణ్ణి ఊలు మామ్మ అనేవాళ్లు. మెయిన్ రోడ్డు మీద వాళ్లది కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. రెండింటికీ మధ్య సన్నటి నడవ ఉండేది. ఆ నడవలో, బెల్లం బుట్టల పక్కన, పీట వేసుకుని పొద్దస్తమానం అల్లుతూ కూర్చునేది. మా ఊళ్లో ఊలుతో ఎవరికి పని? చలికాలమంటే మాకు రాత్రి ఫ్యాను ఒక అంకె తగ్గించడం. అయినా ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆవిడ స్వెట్టరు అల్లేది. చిన్నప్పటి ఫొటోల్లో మేమందరం ఆ స్వెట్టర్లు తొడుక్కుని, చెమటపొక్కులు పేలిపోయి, నోళ్లు తెరిచి ఏడుస్తూ ఉంటాం. విప్పేద్దామంటే మా అమ్మలకి ధైర్యం చాలేది కాదు. ఎదురింటి గుమ్మంలోంచి ఆవిడ చూస్తూ ఉండేది.

ఎక్కడ నేర్చుకున్నావు మామ్మా అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"నేర్సుకున్నాను. నీకెందుకూ?"

పదేళ్ల వయసులో నేను ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకున్నాను. నేర్చుకున్నాననడం కంటే విప్పడం నేర్చుకున్నాననడం మేలు. నా బడి స్వెట్టరు అల్లగా మిగిలిన మెరూను రంగు ఊలు ఉండ ఒకటి నా చేతికిచ్చింది. సూదులు కూడా ఆవిడవే, పాత గొడుగు ఊచలు విరిచి, కొసలు అరుగుమీద సానబెట్టినవి. నేను నాలుగు వేళ్ల మేర అల్లి చూపించేదాన్ని. ఆవిడ తన పని ఆపకుండానే ఓరకంట చూసేది.

"ఇప్పీ."

"ఎక్కడ తప్పింది మామ్మా?"

"నాకు కనబడింది. నీకు కనబడనేదా? కళ్లెక్కడెట్టుకున్నావు? ఇప్పీయే, నీ సేతులిరిగిపోను."

విప్పేదాన్ని. కళ్లనీళ్లు పెట్టుకుని విప్పేదాన్ని. ఆ మెరూను ఊలు ఎన్నిసార్లు అల్లి ఎన్నిసార్లు విప్పానో, చివరికి వంకీలు తిరిగి సేమ్యాలా తయారైంది. రెండు నెలలయ్యాక ఒకరోజు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే మెచ్చుకోవడమని ఇంటికెళ్లాక అమ్మ చెబితే తెలిసింది.

ఆవిడకి కొన్ని పట్టుదలలుండేవి. ఊలు ఎవరు కొనిచ్చినా అల్లి ఇచ్చేది, మిగిలింది మాత్రం తనది. నిమ్మకాయంత మిగిలినా సరే, ఇమ్మంటే ఇచ్చేది కాదు. అలా మిగిలిన ఉండలన్నీ నూనెడబ్బాలో, ఎండు వేపాకు మధ్య దాచేది. ఒక ఊలుకి ఇంకో ఊలు కలపాలంటే ముడి వేస్తే ఊరుకునేది కాదు. రెండు కొసలూ పీచు పీచుగా విడదీసి, ఉమ్మి తడి చేసి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే రెండూ ఒకటైపోయేవి. పని పూర్తయ్యేదాకా దారం తెంపకూడదు. ఎంత అవసరమైనా తెంపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వరస మధ్యలో ఉండగా ఎవరు పిలిచినా ఆవిడ పలికేది కాదు.

కొట్టులోంచి కొడుకు అరిచేవాడు. "అమ్మా, మినప్పప్పు సంచీ ఎక్కడెట్టినావు?"

ఆవిడ తల ఎత్తేది కాదు.

"అమ్మా, నిన్నే. బేరం ఎలిపోతన్నాది."

"వరసవనీ."

కొట్టు ముందు నిలబడ్డవాళ్లు నవ్వేవాళ్లు. వరస అవనీ అన్న ఆ మాట మా వీధిలో ఎంత వాడుకైపోయిందంటే, అన్నానికి రమ్మంటే పిల్లలు టీవీ ముందు నుంచి కదలకుండా వరసవనీ అనేవాళ్లు. ఒకసారి ఆవిడ స్వంత తమ్ముడు పలాస నుంచి వచ్చి, ఆ వరస అయ్యేదాకా చెప్పుల మీదే నిలబడ్డాడు. వరస అయ్యాక తలెత్తి, "ఎప్పుడొచ్చినావురా?" అంది. ఆయనకి కోపం వచ్చి నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోబోతే, "కూకో. ఉప్మా సేస్తాను. నువ్వు వచ్చినావని కుట్టు జారిపోతే మళ్లీ నువ్వొచ్చి ఎత్తుతావేటి?" అంది.

మామ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ అయి నల్లకళ్లద్దాలు తీసేసిన వారం, నేను చూడ్డానికి వెళితే, నడవలో నూనెడబ్బా బోర్లించుకుని కూర్చుంది. చుట్టూ ఊలు ఉండలు. అప్పటికి నేను బడిపంతులమ్మనై పదేళ్లు దాటింది, ఆవిడకి మాత్రం ఇంకా పదేళ్ల గుంటనే.

"రాయే గుంటా. ఇది సూడు, మీ సెల్లి పుట్టినప్పటిది." గులాబీరంగు ఉండ చూపించింది. "ఈ నీలం మన హెడ్డుకానిస్టేబులు మంకీక్యాపుది. ఇదిగో ఈ పచ్చది, ఆ మెట్టవీధి కవలపిల్లలది, ఒకడు పోయినాడు సూడు, ఆడిది." ఏ ఉండ ఎవరిదో ఒక్కటీ మర్చిపోలేదు. "ఈ డబ్బా కాళీ సేసీసి మరీ పోతాను. నాను పోయినాక ఎవలు సూస్తారు, పొయ్యిలో ఎడతారు."

అన్నీ కలిపి ఒక స్కార్ఫు అల్లుతానంది. మామూలు అల్లిక కాదు, లేసు. ఎవరింట్లోనో పాత పుస్తకంలో బొమ్మ చూసి మనసులో పెట్టుకుంది. సూది మీద దారం ఒక చుట్టు అదనంగా వేస్తే ఒక కన్నం పడుతుంది. ఆ పక్కన రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తే లెక్క సరిపోతుంది. కన్నాలు వరసలో అటు జరిగి ఇటు జరిగి ఆకు ఆకారంలో తేలతాయి. ఆ వయసులో, ఆ కళ్లతో, ఒక్క కన్నం తప్పినా పదేసి వరసలు విప్పి మళ్లీ అల్లేది. తన తప్పుకి తనే తిట్టుకునేది. మమ్మల్ని తిట్టిన తిట్లే, ఏం తగ్గించకుండా.

"ఎవరికి మామ్మా ఇది?"

"నాకేనే."

ఆ మాటకి ఆశ్చర్యపోయాను. నలభై ఏళ్లుగా అల్లుతున్న మనిషి తనకంటూ ఒక జేబురుమాలంత ముక్క అల్లుకోగా చూడలేదు.

"ఈ ఎండల్లో నీకెందుకు మామ్మా?"

"అరకెల్తాను." చాలా మామూలుగా అంది. "ఇన్నేళ్లు ఊలు అల్లినాను. సలంటే ఎలాగుంటాదో నాకు తెలీదు. అక్కడ తెల్లారగట్ట నోట్లోంచి పొగొస్తాదంట కదా. ఈ ఊలు పని సేస్తాదో నేదో ఒక్కపాలి సూసుకోవాల కదేటి? పని సెయ్యకపోతే మీ అందరికీ ఊరికే సెమటపొక్కులు తెప్పించినాననుకుంటాను."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఆకరి వరస అక్కడేస్తాను. ఆ సలిలో కూకుని ముగించీస్తాను. దానికి నీ ఊలు ఒగ్గి ఉంచినాను సూడు." డబ్బా అడుగునుంచి వంకీలు తిరిగిన మెరూను ఉండ తీసి చూపించింది.

గజపతినగరం నుంచి అరకు ఎంతో దూరం లేదు. ఎస్.కోట వెళ్లి అక్కడ బస్సు మారితే మూడు గంటలు, మహా అయితే నాలుగు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూసిపోతారు. ఈ మనిషికి మాత్రం పదహారు మైళ్ల అవతల విజయనగరం వెళ్లాలన్నా ఇంట్లో నలుగురు ఆలోచించాలి. ఎవరూ వద్దనలేదు, అదే చిత్రం. వద్దని ఉంటే ఆవిడ చీల్చి చెండాడేది. కొడుకు నవ్వుతూ, "అరకులో ఏటున్నాదే అమ్మా, కొండలు. మన రామతీర్థం కొండ సాలదేటి? శివరాత్రికి తీసుకెల్తాను కదా," అనేవాడు. కోడలు, "దసరా ఎల్లనీయండి అత్తా," అనేది. దసరా తర్వాత కార్తీకం, కార్తీకం తర్వాత ఇంకోటి. కొడుకు దుర్మార్గుడైతే నాకు ఇంత మంట ఉండేది కాదు. తల్లంటే ప్రాణం పెట్టేవాడు. ఆవిడకి ఒంట్లో బాగులేకపోతే కొట్టు మూసేసి కూర్చునేవాడు. అరకు మాత్రం వాడికి తట్టలేదు.

నేను తీసుకెళ్తానన్నాను. ఒకసారి కాదు, మూడు శీతాకాలాలు అన్నాను. మొదటి ఏడు పెద్ద తుఫాను వచ్చి రోడ్లనిండా చెట్లు పడిపోయాయి, సరే. రెండో ఏడు మా అత్తగారి కాలు విరిగింది, అదీ సరే. సరే సరే అనుకుంటూ ఉంటే స్కార్ఫు పూర్తికావచ్చింది. డబ్బా ఖాళీ అయింది. ఆఖరి వరస ఒక్కటే మిగిలింది.

పెద్దనోట్లు రద్దైన ఏడాది డిసెంబరులో, ఒక శనివారం, మేమిద్దరం నిజంగానే బయల్దేరాం. ఈ బస్టాండుకే వచ్చాం. ఆవిడ ఈ సిమెంటు బల్ల మీదే కూర్చుంది. స్కార్ఫు ఒళ్లో పెట్టుకుని, అరకు దాకా ఆగలేక, ఆ మెరూను ఊలుతో ఆఖరి వరస మొదలెట్టేసింది.

"అక్కడేస్తానన్నావు కదా మామ్మా."

"సగమే ఏస్తాను. మిగతా సగం అక్కడ. నాకు సేతులాగడం నేదు." ఆ రోజు ఆవిడ మొహం చూడాలి. ఎవరిమీదా కోపం లేని మొహం, నేను మళ్లీ చూడలేదు.

ఎస్.కోట బస్సు వచ్చేలోపు కొడుకు స్కూటరు వచ్చింది.

"అమ్మా, పద పద. రాజాం నుంచి మా మావగారోళ్లు వస్తన్నారు, ఇప్పుడే ఫోను సేసినారు. పదిమంది. గారెలు నువ్వే ఎయ్యాల. నీ కోడలికి ఆ పిండి కుదరదు కదా."

ఆవిడ సూది కదులుతోంది. నేను లోపల సంతోషించాను. ఇప్పుడు చూడు, అంటుంది, వరసవనీ అంటుంది, వాడు నోరు మూసుకుని నిలబడతాడు, ఈలోగా బస్సు వస్తుంది అనుకున్నాను.

ఆవిడ లేచింది.

వరస మధ్యలో లేచింది. ఎడమ సూది మీద సగం కుట్లు, కుడి సూది మీద సగం కుట్లు, అలాగే పట్టుకుని స్కూటరు వెనక కూర్చుంది. తమ్ముణ్ణి చెప్పుల మీద నిలబెట్టిన మనిషి, కొట్టు బేరాన్ని పోనిచ్చిన మనిషి, పదిమంది గారెల కోసం ఒక్క మాట అనకుండా లేచింది. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఉంది, ఏం చెయ్యను.

"ఇంకోసారి ఎలదాంలే గుంటా," అంది, నా వైపు చూడకుండా. "ఆ ఉండ జాగర్త."

ఊలు ఉండ నా ఒళ్లోనే ఉండిపోయింది. స్కూటరు కదిలింది. మెరూను దారం ఆవిడ సూదుల నుంచి నా చేతి దాకా బిగుసుకుంది. ఆగమని అరవచ్చు. అడ్డంగా నిలబడచ్చు. తాళంచెవి లాక్కుని, మీ గారెలు మీరే వేసుకోండని ఆ కొడుక్కి చెప్పచ్చు. బస్టాండులో అందరూ చూస్తున్నారని, వాడేమనుకుంటాడోనని, నేను అవేవీ చెయ్యలేదు. పళ్లతో దారం కొరికి తెంపేశాను. బడిలో నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెడతాను నేను.

ఇంకోసారి రాలేదు. ఆ తర్వాతి వానాకాలం జ్వరంతో పడుకుని వారంలో పోయింది. నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి విజయనగరంలో ఉండి, సెలవు దొరక్క, పదమూడో రోజుకి గానీ రాలేకపోయాను. భోజనాల దగ్గర కోడలు నా పక్కన కూర్చుని, చాలా ఆప్యాయంగా చెప్పింది.

"దానాల్లో దుప్పటి ఇవ్వాల కదమ్మా. అత్త సేత్తో అల్లింది పంతులుగారికిస్తే పున్నెమని మీ అన్నయ్యన్నారు. తీరా తీసి సూద్దుము కదా, అంతా కన్నాలే. సిమ్మట కొట్టీసింది. పాపం అత్తకి కళ్లు ఆనక సూసుకోనేదు. సిరిగిన గుడ్డ దానమివ్వకూడదు కదా. రెండ్రోజులు కూకుని ఒక్కో కన్నమూ మూసినాను. సూదుల మీదున్న కొస జారిపోతంటే మడిసి కుట్టీసినాను. నా ఏళ్లు సూడు, ఎలాగైపోయినాయో."

వేళ్లు చూపించింది. నిజంగానే సూదిపోట్లు ఉన్నాయి. ఆ కన్నాలు చిమ్మటలవి కావని, ఒక్కొక్కదానికీ ముసలావిడ ఎన్ని వరసలు విప్పి అల్లిందో చెబుదామని నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్లలో మెచ్చుకోమన్న ఎదురుచూపు. విస్తట్లో గారెలు వేశారు. నోరు మూసుకుని తిన్నాను.

ఆ కోపమే, రెండేళ్ల కోపం, బస్టాండులో పంతులుగారి ముందుకి నన్ను తోసింది.

"పంతులుగారూ, అది ఒకసారి ఇలా ఇవ్వండి."

ఆయన కంగారుపడ్డారు. "దానం పట్టిన వస్తువమ్మా. తిరిగి ఇవ్వకూడదు."

"తిరిగి ఇవ్వక్కర్లేదు. మీ బస్సు వచ్చేదాకా ఇవ్వండి. ఎక్కడికి?"

"ఎస్.కోట మీంచి అరకు. అక్కడ మనవాళ్ల ఇల్లు గృహప్రవేశం, రేపు తెల్లవారుజామున ముహూర్తం. చలి బాగా ఉంటుందన్నారని ఇది తీశాను. మెడ దగ్గర ఈ కుట్లు గుచ్చుకుంటాయి గానీ, దళసరిగానే ఉంది."

గాజులకున్న పిన్నీసు తీసి, బల్ల మీద కూర్చుని, నల్లదారం తెంపడం మొదలెట్టాను. విప్పడం నాకు బాగా వచ్చు. ఒక కన్నం తెరుచుకుంది, దాని పక్కన ఇంకోటి. గులాబీ చారలో సగం ఆకు కనబడింది.

"అయ్యయ్యో, చిల్లులు పడుతున్నాయమ్మా."

"ఆకులు, పంతులుగారూ. కావాలని పెట్టినవి."

"మరి చలికి?"

"ఆవిడా అదే అడిగింది. ఆ ఊలు పని చేస్తుందో లేదో వెళ్లి చూసి, వచ్చాక నాకు చెప్పండి."

ఎవరావిడ అని ఆయన అడుగుతూనే ఉన్నారు. నా బడి బస్సు వచ్చి వెళ్లిపోయింది. అంచు దగ్గరకొచ్చేసరికి మడత కుట్లోంచి వేలెడు మెరూను దారం వేలాడుతూ కనబడింది, వంకీలు తిరిగి. నేను కొరికిన కొస. ఉండ మా ఇంట్లో బీరువాలో ఉంది, ఆ వరస ముగించడానికి అరగంట చాలు. అంతలో ఎస్.కోట బస్సు వచ్చేసింది. అరగంట ఆగమంటే ఏ కండక్టరు ఆగుతాడు? అంచు ముట్టుకోకుండా మడిచి ఆయన చేతిలో పెట్టాను. మెడ దగ్గర మూరెడు మేర మాత్రం ఆకులు తేలాయి. మిగతాదంతా ఇంకా నల్లగానే ఉంది.

మూడోరోజు సాయంత్రం పంతులుగారు మా ఇంటి గుమ్మంలో నిలబడ్డారు. పాపం, నేను చెప్పమన్నానని పనిగట్టుకుని వచ్చారు.

"తెల్లవారుజామున మంత్రం చదువుతుంటే నోట్లోంచి పొగలమ్మా. చేతులు కొంకర్లు పోయాయి. మెడ మాత్రం వెచ్చగానే ఉంది, నువ్వు కుట్లు విప్పిన చోట కూడాను."

మజ్జిగ ఇస్తే తాగి వెళ్లిపోయారు. నేను బీరువా తీసి మెరూను ఉండ చేతిలోకి తీసుకున్నాను. పని చేసింది మామ్మా. నీ ఊలు పని చేసింది. గారెలు ఎవరైనా వేసేవాళ్లు.